పదకొండు సార్లు పదును

పాటలు వినడం కూడా ఒక పనేనా అని పెళ్లి కుదిరిన రోజు మా మామగారు అడిగారు. నేను రిటైరై ఏడాది దాటింది, ఆయనకు ఇంతవరకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈమధ్య కొందరు పిల్లలు ఫోన్ చేసి, మేమూ పాటల మీద రాయాలనుకుంటున్నాం సార్, ఎట్లా మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు. వాళ్లకు చెబితే మామగారికి కూడా చెప్పినట్టవుతుందని ఇది రాస్తున్నాను.

అనంతపురంలో ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌లో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. వారమంతా వేరుశనగ ధరలు, కరెంటు కోతలు, బస్సులు ఆగిపోయిన వార్తలు దిద్దేవాణ్ని. ఆదివారం పేజీలో మాత్రం 'చెవిపోటు' అనే కాలమ్ రాసేవాణ్ని. కొత్తగా వచ్చిన పాటలు విని జనం నవ్వేలా నాలుగు మాటలు రాయడం దాని పని. మొదట్లో క్యాసెట్లు, తర్వాత సీడీలు, చివరి పదేళ్లూ ఫోన్‌కు వచ్చే లింకులు. హిప్ హాప్, పాప్, ఇండీ అని ఇప్పుడు పిల్లలు చెప్పే పేర్లన్నీ ఆ లింకుల వల్లే నాకు తెలిశాయి. నా ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగా వచ్చాయి.

కేసు వేస్తారా?

మా ఎడిషన్ ఇన్‌ఛార్జి నాగభూషణం గారు. ఆయన లెక్కలో హార్మోనియం లేనిది పాటే కాదు. నా కాలమ్ మొదటిసారి ఆయన టేబుల్ మీద పెట్టినప్పుడు కళ్లద్దాలు పైకి తోసుకుని, దీని మీద ఎవరైనా కేసు వేస్తారా అని అడిగారు. వేయరు సార్ అన్నాను. అయితే పేజీలో వెయ్యి అన్నారు. ఇరవై రెండేళ్లపాటు మా మధ్య సంగీత చర్చ అంతే జరిగింది.

ఆయన్ను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. నవ్వించే ముందు మనిషి పేరు సరిగ్గా రాయడం నేర్చుకో అని ఒకసారి గట్టిగా తిట్టారు. ఒక గాయకుడి పేరు తప్పు రాసి, ఆయన గొంతును వెక్కిరించాను. ఆ గాయకుడు వెక్కిరింతను వదిలేసి పేరు కోసం పోట్లాడాడు. మీరూ గుర్తుంచుకోండి. గొంతు బాగాలేదంటే జనం ఓర్చుకుంటారు గానీ పేరు తప్పితే ఇంటికి వస్తారు.

ఈ పని బయటినుంచి చూసేవాళ్లకు హాయిగా కనిపిస్తుంది. కాలు మీద కాలు వేసుకుని పాటలు వింటాడు, ఏముంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. వారానికి ముప్పై పాటలు వస్తే అందులో రెండు బాగుంటాయి, రెండు మరీ ఘోరంగా ఉంటాయి. ఆ నాలుగింటి మీద రాయడం తేలిక. మిగిలిన ఇరవై ఆరూ ఉప్మాలో ఉప్పు తక్కువైనట్టు ఉంటాయి. తినొచ్చు, తినకపోయినా ఏం పోదు. వాటిని మొదటినుంచి చివరిదాకా వినడమే ఉద్యోగం.

వాన, కోటు, ఒకే గొంతు

పాప్ పాటలో ప్రేమ మొదటి పది సెకన్లలో పుట్టి తీరాలి. లేకపోతే వినేవాడి వేలు ఇంకో పాట మీదకు పోతుంది. మా కాలంలో ప్రేమ పుట్టడానికి ముందు కాసేపు సన్నాయి, తర్వాత కాసేపు వయొలిన్, ఆ తర్వాత అమ్మాయి వెనక్కి తిరిగి చూడటం ఉండేవి. ఇప్పటి పిల్లలకు అంత తీరిక లేదు. దానికి తోడు గొంతు సరిచేసే యంత్రం వచ్చాక అందరూ ఒక తల్లి బిడ్డల్లా పాడుతున్నారు. ఒక వారం నాలుగు పాటలు విని, నాలుగూ ఒకడే పాడాడనుకుని, ఈ గాయకుడు చాలా కష్టపడుతున్నాడు పాపం అని రాశాను. అసలు వాళ్లు నలుగురు. ముగ్గురు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. నాలుగోవాడు నన్ను తీసుకుపోయి వాళ్లలో కలుపుతావా అని అలిగాడు.

గిటారు పట్టుకున్న ఇండీ పిల్లలది ఇంకో లోకం. వాళ్ల కిటికీ బయట ఎప్పుడూ వాన పడుతుంటుంది, కిటికీ లోపల వాళ్లు దిగులుగా ఉంటారు. అనంతపురంలో వాన పడితే దిగులు పడేవాణ్ని నేనింతవరకు చూడలేదు. ధర్మవరం పిల్లవాడొకడు ఈ వాన ఎప్పుడు ఆగుతుందోనని నాలుగు నిమిషాలు పాడాడు. ఆ ఏడాది మాకు శ్రావణం వచ్చినా చినుకు లేదు. బాబూ, నీకు ఆ వాన అంత బరువుగా ఉంటే అడ్రసు పంపు, బత్తలపల్లెనుంచి ట్రాక్టర్లు వేసుకొచ్చి ఎత్తుకుపోతాం అని రాశాను. బత్తలపల్లె మా సొంతూరు. అక్కడ టీ అంగట్లో ఆ ముక్క పైకి చదివి వినిపించారని తెలిసి వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇక హిప్ హాప్. చాలామంది పెద్దవాళ్లు దాన్ని చూసి ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం మొదటినుంచీ ఇష్టమే. మా పాతూరు బజారులో టమోటాలు అమ్మే ఒకామె, గిల్లి గిల్లి చూసి కొనకుండా పోయేవాణ్ని ప్రాస తప్పకుండా, ఊపిరి తీసుకోకుండా తిట్టేది. వెనక వాయిద్యం లేదు గానీ అది హిప్ హాప్ కాకపోతే మరేమిటో నాకు తెలియదు. మా కుర్రాళ్లతో వచ్చిన చిక్కల్లా బట్టలతోనే. ఎక్కడో చలిదేశం వాళ్లు వేసుకునేవి ఇక్కడ వేసుకుంటారు. ఒకడు మే నెలలో మిట్టమధ్యాహ్నం తోలుకోటుతో క్లాక్ టవర్ దగ్గర వీడియో తీస్తూ పాట మధ్యలో సొమ్మసిల్లాడు. ఆ ముక్క తీసేయకుండా వీడియోలో ఉంచాడు. పాట మొత్తంలో నిజం ఉన్న చోటు అదొక్కటే అని రాశాను.

ఇవన్నీ రాసి, నవ్వించి, నాకు చెవి బాగా తెలుసుననే పొగరు వచ్చింది. సరిగ్గా అప్పుడే కూల్ ఆయమ్మ వచ్చింది.

కూల్ ఆయమ్మ

నాలుగేళ్ల కిందటి మాట. అసలు పేరు కుళ్లాయమ్మ. ముదిగుబ్బ దగ్గర పల్లె, అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పాటల కోసం పేరును కూల్ ఆయమ్మ అని విరిచి పెట్టుకుంది. మా వైపు ఒక ఆడమనిషి గురించి మాట్లాడేటప్పుడు ఆయమ్మ అంటాం కాబట్టి, అది చదవగానే నాకు నవ్వొచ్చింది. ఫోన్‌కు లింకు పంపి కింద ఇట్లా రాసింది: 'సార్, నా పాట ఇనండి. వచ్చే శుక్రవారం మా కాలేజీ వార్షికోత్సవంలో పాడతాండా. మా నాయన ఫస్ట్ టైం స్టేజీ మీద ఇనేకి వస్తాండాడు.'

నేను ఆ పాటను ధర్మవరం బస్సులో నిలబడి విన్నాను. ఇయర్‌ఫోన్లలో ఒక చెవిది పనిచేయడం లేదు. రెండో చెవి పక్కన కండక్టర్ చిల్లర కోసం కేకలు పెడుతున్నాడు. సగం అయ్యేసరికి నేను దిగాల్సిన చోటు వచ్చింది, దిగిపోయాను. పాట ఊపు మీద ఉంది, అమ్మాయి గొంతులో జోరుంది. నాకు చెవిన పడింది మాత్రం ఇది: 'పదునాయె పదునాయె, గొంతు పట్టు.' ఆ పదును అనే మాట సగం పాటలోనే పదకొండు సార్లు వచ్చింది. వేళ్లు మడిచి లెక్కపెట్టాను. రాయడానికి నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆదివారం కాలమ్‌కు 'కత్తుల కార్ఖానా పెట్టిన కూల్ ఆయమ్మ' అని హెడింగ్ పెట్టాను. 'ఈ అమ్మాయి పదకొండు సార్లు కత్తి నూరింది. పన్నెండోసారి ఎవరి గొంతు పట్టుకుంటుందో నాకు తెలుసు. అంతవరకూ విన్నవాడిదే' అని రాశాను. ఆఫీసులో అందరూ నవ్వారు. నాగభూషణం గారు కూడా మూతి ఒక పక్కకు లాగారు, అది ఆయన నవ్వు.

సోమవారం పదకొండు గంటలకు ఒకాయన చేతిలో మడిచిన పేపరుతో ఆఫీసుకు వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, ఎండకు కమిలిన ముఖం. పేరు ఓబులేసు, కుళ్లాయమ్మ తండ్రి. నాలుగెకరాల మెట్ట, పాతిక గొర్రెలు ఉన్న మనిషి. ఆయనకు చదువు రాదు. కూతురి పేరు పేపర్లో పడిందని తెలిసి సంతోషంగా ముదిగుబ్బ బస్టాండులో ఒకరి చేత చదివించుకున్నాడట. చదివినవాడు నవ్వాడట, చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారట. ఈలోగా కాలేజీ ప్రిన్సిపాల్ కూడా అదే కాలమ్ చదివి, వార్షికోత్సవంలో కత్తుల పాటలేమిటని కుళ్లాయమ్మ పేరు కొట్టేశాడు. ఆ అమ్మాయి హాస్టల్ గదిలోనుంచి బయటికి రావడం లేదు. ఇవన్నీ ఆయన నిలబడే చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గొంతు పెంచలేదు.

అంతా చెప్పాక నా వైపు చూసి, "మీది యా ఊరు సార్?" అన్నాడు.

"బత్తలపల్లె."

"సేద్యం ఉండాదా?"

"మా నాయన చేసేవాడు. శెనక్కాయే."

"మరి పదునంటే తెల్దా మీకు?"

అప్పుడు వెలిగింది. ఆ క్షణంలో నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు గానీ, పక్క టేబుల్ వాళ్లు పని ఆపి చూశారు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. పదును కత్తికే కాదు, నేలకూ ఉంటుంది. ఎర్రనేల మీద వాన పడి, విత్తనం మొలిచేంత తడి లోపలికి దిగితే మా వైపు 'పదునైంది' అంటారు. మా నాయన వాన వెలిసిన తెల్లారి చేనుకు పోయి, మట్టిలోకి వేలు గుచ్చి చూసి, ఇంటికొచ్చి ఆ ఒక్క మాట అనేవాడు. ఆ మాటతో ఇంట్లో పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే ఉండిపోయేది, అందరం విత్తనాల మూటలు ఎత్తుకుని పరుగెత్తేవాళ్లం. నేను అన్నం తిన్నదే ఆ మాట మీద.

ఓబులేసు తన ఫోన్ తీసి పాట పెట్టాడు. ఆఫీసు నిశ్శబ్దంలో రెండు చెవులతో విన్నాను. 'గొంతు పట్టు' కాదు, 'గొర్రు పట్టు'. గొర్రు అంటే ఎద్దులకు కట్టి విత్తనం వేసే సాధనం. నేల పదునైంది, గొర్రు పట్టు నాయనా అని కూతురు తండ్రిని తొందరపెడుతోంది. నేను దాన్ని ఒకరి గొంతు మీద కత్తిగా మార్చాను.

బయటివాళ్లు మా సీమ మనుషుల చేతికి ఎప్పుడూ కత్తే ఇస్తారని నేనే ఎన్నోసార్లు కోపంగా రాశాను. మేం పంటలు పండించమా, బడికి పోమా, జోకులు వేయమా అని పోట్లాడాను. అలాంటి నేను, సీమ పిల్ల ర్యాప్ పాడుతోంది అనగానే పాట వినకముందే మనసులో కత్తి పెట్టుకుని కూర్చున్నాను. పాడు చెవి, పాత ఇయర్‌ఫోను అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ తప్పు చెవిది కాదు. సిగ్గుతో చచ్చిపోయాను.

గొర్రె వచ్చింది

ఓబులేసును వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లాను. ప్రిన్సిపాల్ చెడ్డవాడేం కాదు, భయస్తుడు. పేపర్లో వచ్చింది కాబట్టి తీసేశామని, అది తప్పని పేపర్లోనే వస్తే శుక్రవారం పాడిస్తామని అన్నాడు. న్యాయమే కదా. తిరిగొచ్చి నాగభూషణం గారికి చెప్పాను.

"నవ్వులాటకు సవరణ ఏందప్పా?" అన్నారాయన. ఇవాళ దీనికి వేస్తే రేపు తోలుకోటు వాడు వస్తాడు, ఎల్లుండి వాన వాడు వస్తాడని వాదించారు. సవరణ వేయకపోతే చెవిపోటు ఇక రాయనన్నాను. అట్లా బెదిరించడం నా ఉద్యోగంలో అదే మొదలు, అదే చివర. చివరికి ఆయన, గురువారం మూడో పేజీలో రెండు లైన్లు తీసుకో అన్నారు. నేను ఎనిమిది లైన్లు రాశాను, ఆయన ఆరు కొట్టేశారు.

గురువారం పొద్దున పేపరు వచ్చింది. 'కూల్ ఆయమ్మ పాటలో పదును అంటే విత్తనానికి తగిన తడి అని, గొంతు పట్టు అన్నచోట గొర్రె పట్టు అని చదువుకోగలరు.'

గొర్రె. కొమ్ము పోయి ఎత్వం వచ్చింది. ఈ తప్పును ఇంకొకరి మీదకు తోయాలని నేను చాలా ప్రయత్నించాను. కానీ ఆ రెండు లైన్లూ టైపు చేసింది నేనే, ప్రూఫ్ చూసిందీ నేనే. హడావుడిలో ఉన్నప్పుడు మనం రాసింది మనకు సరిగ్గానే కనబడుతుంది. మీ ప్రూఫ్ మీరు చూసుకోకండి, కనీసం పక్కవాడి చేత పైకి చదివించండి. ముదిగుబ్బ వైపు గొర్రెలు ఎక్కువ, గొర్రెల దొంగతనాల కేసులూ తక్కువేం కాదు. కత్తితో పోయేది కాస్తా దొంగతనం దాకా వచ్చింది.

ప్రిన్సిపాల్ తొమ్మిదింటికల్లా ఫోన్ చేశాడు.

"కత్తి పోయినాదిలే సార్. ఇప్పుడు గొర్రె వచ్చినాది. దీన్నేం చేయమంటారు?"

ఆయనే చివరికి ఒక దారి చెప్పాడు. మీ పేపరును నమ్ముకుంటే రేపు ఇంకేమొస్తుందో తెలియదు, మీరే వచ్చి మైకులో చెప్పండి, అప్పుడు పిల్ల పాడుతుంది అన్నాడు. మైకు అంటే నాకు చచ్చేంత భయం. ఇన్నేళ్లూ మైకు పట్టుకున్నవాళ్లను వెక్కిరించాను గానీ నేనెప్పుడూ పట్టుకోలేదు. వస్తానన్నాను.

మైకు పట్టుకుంటే

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కాలేజీ గ్రౌండులో షామియానా నిండిపోయింది. ముందు వరసలో ఓబులేసు పక్కన కుర్చీ ఇచ్చారు. ఆయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. నాతో మాట్లాడలేదు, మంచినీళ్ల సీసా మాత్రం నా వైపు జరిపాడు.

స్టేజీ ఎక్కాక రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆ పాటలో కత్తి నేను పెట్టిందే, గొర్రె కూడా నేను తోలిందే, మిగిలిందంతా ఈ అమ్మాయిది అని చెప్పాను. పదును అంటే ఏమిటో ఇక్కడ ఎంతమందికి తెలుసని అడిగితే గ్రౌండులో సగం చేతులు లేచాయి. నాకు తెలిసి కూడా మరిచిపోయానని చెప్పి దిగాను. పిల్లలు నవ్వారు, ఈలలు వేశారు. బతికిపోయాననుకున్నాను.

కుళ్లాయమ్మ వచ్చింది. నల్లకళ్లద్దాలు లేవు, కోటు లేదు. మామూలు చుడీదారు, చేతిలో మైకు. సన్నగా, పొట్టిగా ఉంది. పాట మొదలయ్యాక ఆ పొట్టి మనిషి కనిపించలేదు. పదును రెండు రోజులే ఉంటుంది, మూడోనాటికి పైతడి ఆరిపోతుంది, ఈలోగా విత్తాలి. అందుకే ఆ పాట అంత వేగం. మాట మీద మాట పడుతుంటే, విత్తనాల మూటలతో పరుగెత్తిన నా చిన్నతనం ఒళ్లంతా తెలిసింది. ఎవరో దూరదేశం వాళ్లనుంచి తెచ్చుకున్న ఆ వేగానికి, మా నేల మీద ఒక కారణం ఉందని ఆ రోజే నాకు అర్థమైంది. ఓబులేసు స్టేజీ వైపు చూడటం లేదు. తల దించుకుని వింటున్నాడు. మోకాలి మీద ఆయన కుడిచెయ్యి, గొర్రుకు కట్టిన విత్తనాల గిన్నెలోకి గింజలు వదులుతున్నట్టు మెల్లగా కదులుతోంది.

రెండో సగం నేను అంతవరకూ విననే లేదు. విత్తాక వాన మళ్లీ రాదు. కూతురు హాస్టల్ కిటికీలోంచి మబ్బులు చూసి, తండ్రికి ఫోన్ చేసి, మీకాడ ఏమన్నా పడిందా అని అడుగుతుంది. తండ్రి, నువ్వు తిన్నావా అంటాడు. అంతే, పాట అయిపోయింది. జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఓబులేసు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎండ ఎక్కువుండాది అన్నాడు. మేం షామియానా నీడలో ఉన్నాం.

అయిపోయాక స్టేజీ వెనక్కి వెళ్లాను. కుళ్లాయమ్మ చెమటలు తుడుచుకుంటోంది, తండ్రి పక్కన నిలబడ్డాడు. నేను చేతులు జోడించి, తప్పైపోయిందమ్మా అని మళ్లీ మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపేసింది.

"ఆ మాట చాలు సార్. ఆదివారం కత్తి అంటిరి, నిన్న గొర్రె అంటిరి, ఇప్పుడు తప్పైంది అంటాండారు. పాట ఎట్లుండాదో చెప్పనే లేదు గదా మీరు."

నిజమే. వెక్కిరించాను, లెక్కపెట్టాను, సవరించాను, మైకులో ఒప్పుకున్నాను. ఆమె నన్ను అడిగింది ఒకే ఒకటి, పాట వినమని. ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ చేశాను. బాగుందమ్మా, చాలా బాగుందమ్మా అని తప్పించుకోవచ్చు. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే అంటారు. కానీ ఆమె ముఖం చూస్తే ఆ మాట వినడానికి అడిగినట్టు లేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫోన్ మాటలు ఉన్న చోటు ఇన్నేళ్లలో నేను విన్నవాటిలో మంచిది. వెనక వాయించింది మాత్రం అందరి పాటల్లోనూ ఉండేదే, నీది కాదు. రెండో చరణంలో మూడో లైను దగ్గర నీకు ఊపిరి చాలడం లేదు, అక్కడ ఒక మాట ఎక్కువైంది, మైకు పక్కకు తిప్పి దొంగతనంగా గాలి పీల్చుకున్నావు, తీసేయి అన్నాను. ఓబులేసు నన్ను కొరకొరా చూశాడు. ఇంత జరిగినా వీడి బుద్ధి మారలేదని అనుకుని ఉంటాడు.

కుళ్లాయమ్మ మాత్రం ఐదు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"అది నాకూ తెలుసు సార్," అంది. "మీరు ఇంటారో లేదో అని అడిగినా."